ఇంపల్స్ జనరేటర్ ట్రిగ్గర్ నొక్కకముందే ఫైర్ అవుతోంది, నొక్కితే అవ్వడం లేదు: ఎక్కడ సరిచూసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లోని మీ కాలేజీ ల్యాబ్‌లో నాలుగు స్టేజీల 400 కేవీ (కిలోవోల్ట్) ఇంపల్స్ జనరేటర్, అంటే పిడుగు లాంటి క్షణికమైన వోల్టేజ్‌ను పుట్టించే యంత్రం ఉంది. ఒక్కో స్టేజీ 100 కేవీ, కెపాసిటర్ 0.125 మైక్రోఫారడ్. విదేశీ కంపెనీ మాన్యువల్‌లో ఉన్న పట్టిక చూసి, స్పార్క్ దూకే లోహపు గోళాల మధ్య గ్యాప్ పెట్టి 60 కేవీకి ఛార్జ్ చేయబోతే, ఛార్జ్ అవుతుండగానే దానంతట అదే ఫైర్ అవుతోంది. గ్యాప్ పెంచితే ట్రిగ్గర్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండటం లేదు. అలా ఫైర్ అవ్వకుండా ఆగిపోయినప్పుడు, లోపలికి వెళ్లి గ్యాప్ సర్దడానికి ఎన్ని నిమిషాలు ఆగాలి అని చివర్లో అడిగారు.

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. దీనికి నిమిషాల లెక్క లేదు. పది నిమిషాలు ఆగినా, గంట ఆగినా ఆ కెపాసిటర్‌ను నమ్మకూడదు. నాలుగు స్టేజీలనూ ఒక్కొక్కటిగా ఎర్త్ రాడ్‌తో (ఎర్త్‌కు కలిపిన తీగ ఉన్న పొడవాటి కర్రతో) తాకి, ఆ తర్వాత ప్రతి కెపాసిటర్‌కూ షార్టింగ్ వైరు తగిలించి, అది తగిలి ఉండగానే చెయ్యి పెట్టాలి. ఇక గ్యాప్ విషయానికొస్తే, మీరు ఛార్జ్ చేసే వోల్టేజ్, ఆ గ్యాప్ దానంతట అది ఫైర్ అయ్యే వోల్టేజ్‌లో 85 నుంచి 90 శాతం మధ్య ఉండాలి. మాన్యువల్ పట్టిక సముద్రమట్టం దగ్గర, 20 డిగ్రీల గాలికి రాసినది. మే నెలలో హైదరాబాద్ గాలికి అది సరిపోదు. మీ సమస్యలో సగం అక్కడే ఉందని నా నమ్మకం.

ఇన్సులేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు టెస్ట్ చేసే ల్యాబుల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. జనరేటర్ పెద్ద చప్పుడుతో ఫైర్ అయినప్పుడు కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. నాకు టెన్షన్ వచ్చేది అది ఫైర్ అవ్వనప్పుడే. చప్పుడు వచ్చిందంటే దాచుకున్న శక్తి చాలావరకు బయటికి పోయినట్టు. చప్పుడు రాలేదంటే అంతా ఇంకా లోపలే ఉన్నట్టు.

ఎంత ఉంటుందో లెక్క చూడండి. 0.125 మైక్రోఫారడ్, 100 కేవీ అంటే ఒక్కో కెపాసిటర్‌లో 625 జూల్స్. ఆసుపత్రుల్లో లయ తప్పి వణికే గుండెను దారిలో పెట్టడానికి ఇచ్చే షాక్ గరిష్ఠంగా 360 జూల్స్. మీ దగ్గర అంతకు దాదాపు రెట్టింపు శక్తి ఒక్కో స్టేజీలో ఉంది, అలాంటివి నాలుగు.

పదిహేనేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో జరిగింది చెబుతాను. అదీ నాలుగు స్టేజీలదే. 70 కేవీకి ఛార్జ్ చేసి ట్రిగ్గర్ నొక్కాం. ఏమీ రాలేదు. సప్లై ఆపాం. కింద ఉన్న ఆటోమేటిక్ ఎర్త్ స్విచ్ టక్కున పడింది. మీటరు నెమ్మదిగా దిగి సున్నా దగ్గర ఆగింది. గేటు తెరిచి లోపలికి వెళ్లాం. నాతో ఉన్న కుర్రాడు మొదటి స్టేజీకి రాడ్ పెట్టాడు, చప్పుడు లేదు. రెండు, మూడు, చప్పుడు లేదు. నాలుగోదానికి నిచ్చెన వెయ్యాలి. "సున్నా చూపిస్తోంది కదా సార్" అన్నాడు. అయినా వెయ్యమన్నాను. రాడ్ కొన ఇంకా వేలెడు దూరంలో ఉందో లేదో, తెల్లటి నిప్పుతో ఫట్‌మని కొట్టింది. రాడ్ వదలలేదు కానీ ఆ అబ్బాయి చేతులు చాలాసేపు వణికాయి. రాడ్ కొన మీద ఇత్తడి కరిగి మిరియపు గింజంత గుంట పడింది.

కారణం తర్వాత తెలిసింది. మూడు, నాలుగు స్టేజీల మధ్య ఉన్న ఛార్జింగ్ రెసిస్టర్ లోపల తీగ తెగింది. ఛార్జ్ చేసేటప్పుడు ఆ తెగిన చోట చిన్న నిప్పురవ్వ దూకుతూ పైస్టేజీకి ఛార్జ్ అందేది. కిందనుంచి ఎర్త్ చేసినప్పుడు కూడా అలాగే కొంత దిగింది, కానీ ఆ సందు దాటలేనంత తగ్గాక మిగతాది పైనే ఉండిపోయింది. మీటరు చూపేది కింది స్టేజీని. కింది ఎర్త్ స్విచ్ ఖాళీ చేసేదీ దానికి తెగకుండా కలిసి ఉన్నవాటినే. అందుకే మీటరు సున్నా, ఎర్త్ స్విచ్ పడిన చప్పుడు, గేటు తెరిస్తే సప్లై ఆపే ఇంటర్‌లాక్, ఈ మూడూ సరిగ్గా పనిచేసినా నాలుగో స్టేజీ గురించి మీకు ఏమీ చెప్పవు. రాడ్ ఒక్కటే చెబుతుంది.

రాడ్‌లు రెండు ఉండాలి. మొదట కొన్ని కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న రాడ్‌తో తాకి, రెండు మూడు సెకన్లు ఉంచండి. ఆ తర్వాత నేరుగా ఎర్త్‌కు కలిసిన రాడ్. నేరుగా కలిసినదాన్నే ముందు పెడితే కెపాసిటర్ లోపలి కనెక్షన్లకు దెబ్బ, మీ చెవులకూ దెబ్బ. రాడ్ తీగ ఎర్త్ చివర గట్టిగా బిగించి ఉందో లేదో రోజూ చేత్తో లాగి చూడండి. ఆ బోల్టు వదులైతే మీ చేతిలో ఉన్నది ఒట్టి కర్ర.

షార్టింగ్ వైరు తగిలించే ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది. నూనెలో నానిన కాగితం ఇన్సులేషన్‌గా ఉన్న కెపాసిటర్‌ను ఒకసారి షార్ట్ చేసి తీసేస్తే, కాసేపటికి దానిలో మళ్లీ వోల్టేజ్ తేలుతుంది. కాగితం పొరల్లో చిక్కుకున్న ఛార్జ్ మెల్లగా పైకి రావడం వల్ల ఇలా అవుతుంది. పూర్తిగా ఛార్జ్ చేసిన కెపాసిటర్‌లో ఇలా తేలేది వేల వోల్ట్‌లలో ఉండొచ్చు. కాబట్టి "ఇందాకే ఎర్త్ చేశాం" అనే మాట చెల్లదు. స్టోర్‌లో మూలన పెట్టిన స్పేర్ కెపాసిటర్‌కు కూడా రెండు టెర్మినళ్ల మధ్య తీగ చుట్టి ఉండాలి. మీ స్టోర్‌లో అలా లేకపోతే ఈ రోజే చుట్టించండి.

ఇప్పుడు గ్యాప్ సంగతి.

మామూలు గాలిలో, 20 డిగ్రీలు, సముద్రమట్టపు పీడనం దగ్గర, గోళాల మధ్య సెంటీమీటరుకు సుమారు 30 కేవీ దగ్గర గాలి లొంగిపోతుంది. గాలి పలచబడితే అది ఇంకా ముందే లొంగుతుంది. ఎంత ముందో చెప్పే సూత్రం సులువు: మీ ల్యాబ్ పీడనాన్ని 1013 మిల్లీబార్‌లతో భాగించండి, దాన్ని 293తో గుణించి, గది ఉష్ణోగ్రతకు 273 కలిపితే వచ్చే సంఖ్యతో భాగించండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, పీడనం 950 మిల్లీబార్‌ల దగ్గర ఉంటుంది. ఏసీ లేని ల్యాబ్‌లో వేసవి మధ్యాహ్నం 38 డిగ్రీలు అనుకోండి. లెక్క 0.88 వస్తుంది. అంటే పట్టికలో ఉన్న వోల్టేజ్ కంటే 12 శాతం ముందే ఫైర్ అవుతుంది.

దీన్ని మీ 60 కేవీకి పెట్టి చూద్దాం. 60 కేవీ ఛార్జింగ్‌కు, దానంతట అది ఫైర్ అయ్యేది 68 కేవీ దగ్గర ఉండాలని పట్టిక మీకు సుమారు 23 మిల్లీమీటర్లు చెబుతుంది. మీ గాలిలో ఆ 23 మిల్లీమీటర్లు 61 కేవీ దగ్గరే పోతాయి. మీరు 60 చేరబోతుండగానే ఫైర్ అవ్వడంలో వింత ఏముంది? అక్కడ 26 మిల్లీమీటర్ల దాకా పెట్టాలి. అదే విశాఖలో సముద్రం పక్కన, 30 డిగ్రీల గదిలో అయితే తేడా మూడు శాతమే. డిసెంబరులో మీ ల్యాబ్‌లోనే పొద్దున పూట లెక్క వేరు. అందుకే గోడకు ఒక థర్మామీటరు, ఒక బారోమీటరు తగిలించి, షాట్ల పుస్తకంలో రోజూ ఆ రెండు అంకెలూ రాయండి. అవి లేని పుస్తకం రెండు నెలల తర్వాత ఎందుకూ పనికిరాదు.

లెక్క సరిచేశాక కూడా అడపాదడపా ముందే ఫైర్ అవుతుంటే గోళాలను చూడండి. ఒకసారి ఒక కాలేజీకి వెళ్లాను. అక్కడ గోళాలు అద్దంలా తుడిచి ఉన్నాయి, అయినా పది షాట్లలో నాలుగు ముందే పోతున్నాయి. ఎర్త్ చేసి, షార్టింగ్ వైర్లు తగిలించి, టార్చ్ లైటు పక్కవాటుగా వేసి చూస్తే రెండో గోళం మీద వెంట్రుక కంటే సన్నటి దూది పోగు ఒకటి నిలబడి ఉంది. తుడిచిన దూదిదే. విద్యుత్ క్షేత్రంలో పోగు నిక్కబొడుచుకుంటుంది, దాని కొన దగ్గర గాలి ముందే లొంగిపోతుంది. మొనదేలిన చోట నుంచి గాలి సెంటీమీటరుకు సుమారు 5 కేవీ దగ్గరే దారి ఇచ్చేస్తుంది. గోళానికి 30, మొనకు 5. ఆ పోగు చేసే పని అదే. పోగులు వదలని మెత్తటి బట్ట, ఆల్కహాల్ వాడండి. స్పార్కులు పడ్డ చోట మసకగా, గరుకుగా ఉంటే మెటల్ పాలిష్‌తో రుద్దండి. గరుకు కాగితం పెట్టకండి, గీతలు పడతాయి. శుభ్రం చేశాక మొదటి పది పదిహేను షాట్లు తక్కువ వోల్టేజ్‌లో కొట్టి వదిలెయ్యండి, వాటి లెక్క రాసుకోవద్దు. కొత్తగా తుడిచిన గోళం కుదురుకోవడానికి అవి కావాలి.

నొక్కినా ఫైర్ అవ్వకపోతే కారణం రెండు చోట్ల ఉంటుంది. మొదటిది ట్రిగ్గర్ పిన్ను. మొదటి గోళం మధ్యలో చిన్న రంధ్రం, అందులో పింగాణీ గొట్టం, దానిలో సన్నటి పిన్ను ఉంటాయి. ఛార్జింగ్ సప్లై ఆపి, అన్నీ ఎర్త్ చేసి, కంచె బయటికి వచ్చి, గదిలో లైట్లు ఆర్పి ట్రిగ్గర్ ఒక్కటే నొక్కండి. పిన్ను చుట్టూ నీలంగా చిన్న చుక్క మెరవాలి. మెరవకపోతే పిన్ను అరిగిపోయి లోపలికి వెళ్లి ఉంటుంది, లేదా పింగాణీ పగిలి స్పార్క్ లోపలే దారి వెతుక్కుంటోంది.

రెండోది, మొదటి గ్యాప్ ఫైర్ అయినా పైవి అవ్వకపోవడం. దీన్ని చెవితో పట్టుకోవచ్చు. నాలుగూ కలిసి పోతే గది అదిరే ఒక్క దెబ్బ. మొదటిది ఒక్కటే పోతే ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న శబ్దం. జర్మన్ ఇంజనీరు ఎర్విన్ మార్క్స్ 1924లో ఈ సర్క్యూట్‌ను ముందుకు తెచ్చినప్పటి నుంచీ దీని కిటుకు ఒకటే: కెపాసిటర్లన్నీ సమాంతరంగా ఛార్జ్ అవుతాయి, గ్యాప్‌లు మూసుకోగానే వరసగా ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. మొదటి గ్యాప్ పోగానే రెండోదాని మీద వోల్టేజ్ దాదాపు రెట్టింపవుతుంది, అందుకే అది ట్రిగ్గర్ లేకుండానే పోతుంది. కాబట్టి పై గ్యాప్‌లు మొదటిదానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టినా ఫరవాలేదు, అలా పెడితేనే అవి ముందే పోకుండా ఉంటాయి. అయితే ఒక షరతు: గోళాలన్నీ ఒకే నిలువు వరసలో, ఒకదాన్నొకటి చూస్తూ ఉండాలి. కింది స్పార్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి పై గ్యాప్ మీద పడి అక్కడ మొదటి ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. మధ్యలో ఎవరైనా కొత్తగా ప్లాస్టిక్ పలక ఏదైనా అడ్డం పెట్టారేమో, ఒక గోళం పక్కకు జరిగిందేమో చూడండి. మీరు గ్యాప్ పెంచినప్పుడు నాలుగింటినీ ఒకే కొలతతో పెంచారా, చేతికి అందిన వాటినే పెంచారా అన్నది మీ ప్రశ్నలో లేదు. నాకు అనుమానం అక్కడే ఉంది.

ఛార్జ్ చేసే వేగం గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ తేడా వస్తుంది. పై స్టేజీకి ఛార్జ్ కింది రెసిస్టర్లన్నీ దాటి చేరాలి. కింది మీటరు 60 చూపగానే నొక్కేస్తే పైది ఇంకా 55 దగ్గరే ఉండొచ్చు. అలాగని చేరాక చాలాసేపు అట్టే ఉంచితే, ఫైర్ అయ్యే వోల్టేజ్‌కు దగ్గర్లో ఎక్కువ సమయం గడిపినట్టు, ఎగిరే ఒక ధూళి కణం చాలు దానంతట అది పోవడానికి. మీ జనరేటర్‌కు సరిపోయే సమయం ఒకటి కనుక్కుని, ప్రతి షాట్‌కూ అదే పాటించండి. మేము 40 సెకన్లలో ఎక్కించి, 5 సెకన్లు ఉంచి, నొక్కేవాళ్లం. షాట్‌కూ షాట్‌కూ మధ్య ఒక నిమిషం.

మీరు అడగకపోయినా తరంగం ఆకారం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే గ్యాప్ కుదిరిన మర్నాడే మీకు వచ్చే ప్రశ్న అదే. పిడుగు ఇంపల్స్ ప్రమాణం 1.2/50. అంటే 1.2 మైక్రోసెకన్లలో పైకి ఎక్కాలి, 50 మైక్రోసెకన్లకు సగానికి దిగాలి. ఎక్కడంలో 30 శాతం, దిగడంలో 20 శాతం, శిఖరంలో 3 శాతం అటూఇటూ ఒప్పుకుంటారు. మీ నాలుగు కెపాసిటర్లు వరసలో కలిస్తే 31 నానోఫారడ్లు. కొలవడానికి వోల్టేజ్‌ను తగ్గించి ఇచ్చే డివైడరూ, టెస్ట్ చేసే వస్తువూ కలిపి 1.2 నానోఫారడ్లు అనుకుంటే ముందు రెసిస్టర్లు (ఎక్కే సమయాన్ని నిర్ణయించేవి) మొత్తం 350 ఓమ్‌ల దగ్గర, వెనక రెసిస్టర్లు (దిగే సమయాన్ని నిర్ణయించేవి) 1850 ఓమ్‌ల దగ్గర వస్తాయి. ఇది మొదటి అంచనా మాత్రమే, అక్కడినుంచి ఆసిల్లోస్కోప్ చూస్తూ సర్దుకోవాలి. డిస్క్ ఇన్సులేటర్ పెట్టినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు, దాని కెపాసిటెన్స్ కొన్ని పదుల పికోఫారడ్లే. అదే అమరికతో ఎవరో 2 నానోఫారడ్ల కేబుల్ ముక్క తెచ్చి తగిలిస్తే ఎక్కే సమయం 3 మైక్రోసెకన్లకు పోతుంది. జనరేటర్ పాడైందని కంగారు పడకండి. ముందు రెసిస్టర్లు తగ్గించాలి, అంతే.

తెరమీద తరంగం మొదట్లో గజిబిజిగా వణుకుతూ కనిపిస్తే ఎర్త్ తీగలను అనుమానించండి. మామూలు తీగకు మీటరుకు సుమారు 1 మైక్రోహెన్రీ ఉంటుంది. మీ షాట్‌లో కిలో ఆంపియర్‌కు పైగా కరెంటు మైక్రోసెకను లోపే లేస్తుంది. అంటే మీటరు ఎర్త్ తీగ మీదే వెయ్యి వోల్ట్‌లకు పైగా లేస్తాయి. పచ్చటి గుండ్రటి తీగ ఐదు మీటర్లు లాగి ఎర్త్ చేశామనుకునే చోట నిజానికి ఎర్త్ లేదు. వెడల్పాటి రాగి రేకు, ఎంత పొట్టిగా వీలైతే అంత పొట్టిగా వెయ్యండి. డివైడర్ నుంచి స్కోప్‌కు రెండు పొరల షీల్డ్ ఉన్న కోయాక్సియల్ కేబుల్ వాడండి. స్కోప్‌కు పక్కన ఛార్జర్‌తో కలిపిన ల్యాప్‌టాప్‌ను యూఎస్‌బీతో తగిలించకండి. నా కళ్ల ముందు రెండు ల్యాప్‌టాప్‌లు అలా పోయాయి.

ఇక కంచె. 400 కేవీకి మొన నుంచి గాలి 80 సెంటీమీటర్ల దాకా దారి ఇవ్వగలదు. కంచె దానికి ఎన్నో రెట్లు దూరంలో ఉండాలి. కంచె కూడా ఎర్త్ అయి ఉండాలి. గేటు తాళంచెవి లోపలికి వెళ్లినవాళ్ల జేబులోనే ఉండాలి, కంట్రోల్ డెస్క్ మీద కాదు. సాయంత్రం అందరూ వెళ్లాక ఒక్కరే ఉండి "ఇంకో నాలుగు షాట్లు కొట్టేద్దాం" అనుకునే రోజు థీసిస్ చివరి నెలలో తప్పకుండా వస్తుంది. ఆ రోజు ఇంటికి వెళ్లిపోండి. ఈ పనికి ఇద్దరు ఉండి తీరాలి, ఒకరు రాడ్ పట్టుకుంటే ఇంకొకరు చూస్తూ ఉండాలి. చెవులకు మఫ్‌లు పెట్టుకోండి. ఓజోన్ వాసన వస్తే తలుపులు తెరిచి కాసేపు ఆగండి.

వీలు దొరికితే మీ గైడ్ గారితో మాట్లాడి ఉప్పల్ దగ్గరున్న సీపీఆర్ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) అల్ట్రా హై వోల్టేజ్ ల్యాబ్ చూడటానికి అనుమతి అడగండి. అక్కడివాళ్లు షాట్ అయ్యాక ఎర్త్ ఎలా చేస్తారో దగ్గరుండి చూస్తే నేను ఇక్కడ రాసినదంతా పది నిమిషాల్లో అర్థమవుతుంది.

ఈ వారం ఇలా చెయ్యండి. ఛార్జింగ్ రెసిస్టర్లన్నీ విప్పి మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ కొలిచి రాయండి, కొలుస్తూ మెల్లగా వంచి, తట్టి చూడండి, తెగినది అప్పుడే బయటపడుతుంది. గోళాలు తుడవండి. మొదటి గ్యాప్ 26, మిగతా మూడూ 27 మిల్లీమీటర్లకు పెట్టి, 60 కేవీ దగ్గర ఇరవై షాట్లు కొట్టండి. ప్రతిదానికీ ఉష్ణోగ్రత, పీడనం, ముందే పోయిందా, నొక్కితే పోయిందా, చప్పుడు పెద్దదా, ఎండుకొమ్మ శబ్దమా అన్నది రాసి ఆ పట్టిక ఇక్కడ పెట్టండి. ఎండుకొమ్మ శబ్దాలు ఎక్కువుంటే రెండో గ్యాప్ నుంచి మొదలుపెట్టి వెతుకుదాం.